నీది ఎన్నో ర్యాంకు?

మన దేశంలో చదువుకునే పిల్లవాడు కనబడితే పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలు మూడే మూడు. నీ పేరేమి, ఏ క్లాసు, ఎన్నో ర్యాంకు. మొదటి రెండింటికీ పిల్లవాడు ఠక్కున జవాబు చెబుతాడు. మూడోదానికి మాత్రం ముందు అమ్మ ముఖం వైపు చూస్తాడు, ఆ తర్వాత నోరు తెరుస్తాడు. పాఠక మిత్రులారా, మీలో ఆ చూపు చూడనివాళ్లు ఎవరైనా వుంటే ఈ వ్యాసం చదవనక్కరలేదు. మిగిలినవాళ్లం కాస్సేపు కూర్చుని మాట్లాడుకుందాం.

నేను స్టాటిస్టిక్సు విద్యార్థినిని. మా సబ్జెక్టులో ర్యాంకుకు ఒక అధ్యాయమే వుంది. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు వరుసగా పేర్చి పక్కన ఒకటి, రెండు, మూడు అని వేస్తాం. అంతే, అదే ర్యాంకు. చెప్పడానికి ఇంత సులువైన సంగతి ఒక ఇంట్లో ఎంత పని చేయగలదో మాత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ రాయలేదు. నాకది తెలిసింది నిరుడు వేసవిలో. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఈ మూడు ఊళ్లూ ఒకే రైలు దారి మీద వున్నాయి. ఆ దారిలో రెండు రోజులు తిరిగితే తెలిసింది.

ముందు కొంచెం వెనక్కి పోదాం.

మా నాన్న 1986లో పదో తరగతి పాసయ్యాడు. అప్పుడు ఫలితాలు పేపరులో వచ్చేవి. పేర్లుండవు, ర్యాంకులుండవు. హాల్ టికెట్టు నెంబర్లు మాత్రం చీమల బారుల్లాగా అచ్చయ్యేవి. 600కి 360 దాటితే ఫస్టు క్లాసు, 300 దాటితే సెకండు, 210 దాటితే థర్డు. నెంబరు ఏ తలకట్టు కింద వుందో చూసుకోవాలి. హిందూపురం బస్టాండులో ఒక్క పేపరు మీద పదిమంది వంగి చూసేవాళ్లమని నాన్న ఇప్పటికీ చెబుతాడు. పేపరులో నెంబరు లేకపోతే, అచ్చు తప్పేమోనని ఇంకో పేపరు కొనేవాళ్లట. మార్కులు తెలియాలంటే మెమో బడికి వచ్చేదాకా ఆగాల్సిందే. క్లాసు ర్యాంకు అన్నది పరీక్షల బోర్డు లెక్కలో లేదు. అది బడిలో ప్రోగ్రెస్ కార్డు మీద, క్లాసు టీచరు ఎర్ర సిరాతో వేసే అంకె.

నేను 2017లో పాసయ్యాను. అప్పటికి మార్కులే పోయినాయి. మన రాష్ట్రంలో 2012 నుంచి పదో తరగతికి గ్రేడులు వచ్చాయి గదా. 91 నుంచి 100 దాకా ఏ-వన్, దానికి 10 పాయింట్లు. 81 నుంచి 90 దాకా ఏ-టూ, దానికి 9. ఆరు సబ్జెక్టులకు సగటు తీస్తే జీపీఏ. పిల్లల మధ్య ఒక్క మార్కు, అర మార్కు పోటీ తగ్గాలన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ఒక చిన్న లెక్క చూడండి. ఆరింటిలోనూ 91 తెచ్చుకున్న పిల్లకు మొత్తం 546, జీపీఏ పదికి పది. అయిదింటిలో నూటికి నూరు తెచ్చుకుని లెక్కల్లో 90 దగ్గర ఆగిపోయిన పిల్లకు మొత్తం 590, జీపీఏ 9.8. నలభైనాలుగు మార్కులు ఎక్కువ వచ్చిన పిల్ల వెనక, తక్కువ వచ్చిన పిల్ల ముందు! పోటీ తగ్గిందా అంటే అదీ లేదు. బడుల గోడల మీద ర్యాంకులు పోయి, ‘మా బడిలో ఇంతమందికి టెన్ బై టెన్’ అన్న ఫ్లెక్సీలు వచ్చాయి.

తరువాత కరోనా వచ్చింది. 2020లోనూ, 2021లోనూ పరీక్షలే జరగలేదు, అందరూ పాసే. 2022లో మళ్లీ మార్కులు తిరిగి వచ్చాయి. అదే సంవత్సరం, బడులు ర్యాంకులు చెప్పుకుని ప్రకటనలు వేయకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఆ సంవత్సరం పాసైనవాళ్లు 67.26 శాతం మాత్రమే.

ఇట్లా మా నాన్నది పేపరు కాలం, నాది గ్రేడుల కాలం. మా తమ్ముడిది ఫోను కాలం. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, మా చిన్నాన్న కొడుకు. చిన్నాన్న వుండేది ధర్మవరంలో, పట్టు మగ్గం మీద. పిల్లవాడు మాత్రం పెనుకొండలో వాళ్ల అమ్మమ్మ దగ్గర వుండి అక్కడి హైస్కూల్లోనే చదివినాడు. చిన్నాన్నకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో చదువు ఆగిపోయింది. ఇప్పుడు తండ్రి పక్కన కూర్చుని పేక దారం చుడుతుంది.

2025 ఏప్రిల్ 23వ తేదీన పదో తరగతి ఫలితాలు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 6,14,459 మంది పరీక్ష రాస్తే 4,98,585 మంది పాసయ్యారు, అనగా 81.14 శాతం. ఇప్పుడు బస్టాండుకు పరుగెత్తే పనిలేదు. బోర్డు వెబ్‌సైటులో హాల్ టికెట్టు నెంబరు కొడితే చాలు. ఆ యేటి నుంచి ప్రభుత్వంవారి ‘మన మిత్ర’ వాట్సాప్‌లో కూడా మార్కులు వస్తున్నాయి. తమ్ముడు నెంబరు పంపిస్తే హిందూపురంలో మా ఇంట్లో కూర్చునే చూశాను. పేరు, సబ్జెక్టుల వారీగా మార్కులు, మొత్తం 548, పాస్. నాకు సంతోషం ఆగలేదు. వెంటనే ఫోన్ చేసి చెప్పాను.

అవతల నుంచి సంతోషం వినబడలేదు.

“అక్కా, కింద ర్యాంకు ఏమన్నా ఏసిండారా, సరిగ్గా చూడు.”

“ర్యాంకు లేదురా. మార్కులే.”

“ఇంగో పేజీ ఏమన్నా ఉంటాదేమో చూడక్కా. నాయిన ర్యాంకు అడుగుతాడు.”

అప్పుడు బయటపడింది అసలు సంగతి. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు చిన్నాన్న కొడుకుతో ఒక మాట అన్నాడట. “క్లాసులో మొదటి ముగ్గురిలో ఉంటే సదివిస్తా. లేకుంటే మగ్గం గుంతలోకి దిగు. మనకి రెండు పనులు సేసే శక్తి లేదు నాయనా.” తిట్టి అన్న మాట కాదు, కొట్టి అన్న మాట కాదు. అన్నం తింటూ అన్న మాట. అందుకే పిల్లవాడు దాన్ని మూడు నెలలుగా మోసుకుని తిరుగుతున్నాడు.

నేను ఆ సైటు అంతా వెదికాను. మార్కుల మెమోకు దారి వుంది, రీకౌంటింగుకు దారి వుంది. క్లాసులో నీ స్థానం ఎంత అని చెప్పే దారి మాత్రం ఎక్కడా లేదు. లేకపోవడం పొరపాటు కాదు. ఉద్దేశపూర్వకంగానే ఇవ్వటం లేదు. ఒక్కో పిల్లవాడి నెంబరుకు వాడి మార్కులే కనబడతాయి, పక్కవాడివి కనబడవు. పక్కవాడివి కనబడకుండా ర్యాంకు ఎట్లా తెలుస్తుంది? మార్కు నీ ఒక్కడిది. ర్యాంకు నీది కాదు, నీకూ నీ పక్కవాడికీ మధ్య వున్నది.

మా పెద్దమ్మ కూతురు అమెరికాలో డల్లాస్ దగ్గర వుంటుంది. ఆ రాత్రి ఫోన్‌లో ఈ మాట చెబితే ఆశ్చర్యపోయింది. వాళ్లమ్మాయి చదివే హైస్కూల్లో పిల్లలు తమ పోర్టల్ తెరిస్తే జీపీఏ పక్కనే క్లాసు ర్యాంకు కూడా వుంటుందట, ఆరువందల పైచిలుకు మందిలో ఎన్నోవాడివి అని. అక్కడ అది వూరికే గొప్ప కోసం కాదు. టెక్సాస్ రాష్ట్రంలో 1997లో ఒక చట్టం చేశారు. తన హైస్కూలు క్లాసులో మొదటి 10 శాతంలో వున్న విద్యార్థికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ప్రవేశం ఇవ్వాలని అందులో పెట్టారు. పెద్ద ఊరి బడి అయినా, పల్లెటూరి బడి అయినా, ఎవరి క్లాసులో వాళ్లే లెక్క. ధనవంతుల బడిలో నలభయ్యోవాడి కన్నా పేద బడిలో నాలుగోవాడికి అవకాశం దక్కవచ్చు. అందుకని అక్కడ ర్యాంకు లెక్కించక తప్పదు. మనకు అటువంటి చట్టం లేదు కనుక అంకె కూడా లేదు. అయితే చట్టం లేని చోట ఇండ్లలో చట్టాలు పుడతాయి. మా చిన్నాన్న చట్టం అట్లాంటిదే.

మరునాడు ప్యాసింజరు ఎక్కి పెనుకొండలో దిగాను. ఆ ఊరు చూసినవాళ్లకు తెలుసు, ఎక్కడ నిలబడినా కొండ కనబడుతుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని తెచ్చి పెట్టుకున్నది ఈ కోటలోనే. అంత పెద్ద రాజ్యానికి కూడా మొదటి స్థానం పోయిన రోజు ఒకటి వచ్చింది, ఆ తర్వాత కూడా బ్రతికింది అని నాకు ఆ కొండ చూసినప్పుడల్లా అనిపిస్తుంది. ఇప్పుడు ఆ పక్కనే ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. తమ్ముడి క్లాసులో సగం మందికి అన్నో మామో అక్కడ పనికి పోతుంటారు.

హెడ్మాస్టరుగారు బడిలోనే వున్నారు. బల్ల మీద బడి మొత్తం ఫలితాల ప్రింటు వుంది. నా మాట ఓపిగ్గా విన్నారు.

“ర్యాంకు నేను రాసియ్యకూడదు తల్లీ. బోర్డు ఇయ్యలేదు, నేనెట్ల ఇస్తాను? ఇస్తే రేపు ఇంకో నలుగురు వచ్చి అడుగుతారు. ఈయన ఫస్టు అని గోడ మీద రాస్తారు.”

ఆయన చెప్పింది న్యాయమే. నేను వాదించలేదు. కాని ఆయన ఇంకో మాట అన్నారు. “మార్కులు పిల్లలవే కదా. వాళ్లు వాళ్లు చెప్పుకుంటే అడ్డం ఎవరు?”

బడి ఆవరణలో వేపచెట్టు కింద అప్పటికే పిల్లలు పోగయ్యారు. మెమో కోసమో, టీసీ కోసమో వచ్చినవాళ్లు కొందరు, వూరికే వచ్చినవాళ్లు కొందరు. పాసైనవాళ్లు 62 మంది. ఒకడు నోటుపుస్తకం తెచ్చాడు. రానివాళ్ల మార్కులు ఫోన్ చేసి అడిగారు. ఆడపిల్లలు వాళ్ల గ్రూపులో అడిగి చెప్పారు. గంటన్నరలో జాబితా తయారయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎందుకంటే ఎవరి మార్కులు ఎంతో పక్కవాడికి ముందే తెలుసు.

మొదటి పిల్లకు 571. తర్వాత ఇద్దరికి సరిసమానంగా 556. ఆ తర్వాత మావాడు, 548.

తమ్ముడు నా ముఖం చూశాడు. “మూడా అక్కా, నాలుగా?”

మిత్రులారా, ఇక్కడ నేను చదివిన శాస్త్రం చెప్పే మాట వినండి. రెండు పద్ధతులున్నాయి. పరుగుపందెంలో ఇద్దరు ఒకేసారి రెండోవాళ్లుగా వస్తే, వెనక వచ్చినవాడు నాలుగోవాడే. మూడో స్థానం ఖాళీ. ఇది మనుషుల్ని లెక్కించే పద్ధతి. వాడి ముందు ముగ్గురున్నారు కనుక వాడు నాలుగు. రెండో పద్ధతిలో మనుషుల్ని కాదు, మార్కుల మెట్లను లెక్కిస్తారు. 571 ఒక మెట్టు, 556 ఒక మెట్టు, 548 ఒక మెట్టు. అప్పుడు వాడు మూడు. రెండూ తప్పు కాదు. ఏది వాడాలో పని చెబుతుంది. సీట్లు పంచాలంటే మనుషుల్నే లెక్కించాలి, కుర్చీలు మూడే అయితే నాలుగోవాడు నిలబడాల్సిందే గదా.

సమానం వచ్చినవాళ్లను విడదీసే పద్ధతి కూడా మన దగ్గర వుంది. 2008లో పల్లెటూరి పిల్లల కోసం పెట్టిన ట్రిపుల్ ఐటీలలో పదో తరగతి మార్కులతోనే సీట్లిస్తారు. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు 4 శాతం కలుపుతారు. ఇద్దరికి సమానం వస్తే లెక్కల్లో ఎవరికి ఎక్కువో చూస్తారు. అదీ సమానమైతే సైన్సు, తర్వాత ఇంగ్లీషు, సోషలు, తెలుగు. అన్నీ సమానమైతే వయసులో పెద్దవాడికి. అక్కడా తేలకపోతే హాల్ టికెట్టు నెంబరుతో చీటీ తీసినట్టు ఒక లెక్క. అంటే చివరికి వచ్చేసరికి పిల్లవాడు ఎప్పుడు పుట్టాడన్నది, ఏ నెంబరు తగిలిందన్నది కూడా తెలివితేటల వరుసలో చేరిపోతుంది. వాళ్లను తప్పుబట్టడానికి చెప్పటం లేదు. సీటు ఒకటే వున్నప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయాలి. కాని ఆ గీత సీటు కోసం గీసింది, పిల్లవాడి విలువ కోసం గీసింది కాదు అన్న సంగతి మనం మరిచిపోతాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ యేడు పునఃపరిశీలన జరిగినప్పుడు రాష్ట్రంలో 11 వేలకు పైగా జవాబు పత్రాలలో మార్కుల తేడాలు బయటపడ్డాయని పేపర్లన్నీ రాశాయి. లక్షల పత్రాలు కొద్దిరోజుల్లో దిద్దేటప్పుడు చేతులు తప్పుతాయి. ఒక క్లాసులో ఎవరో ఒకరికి పది మార్కులు కలిశాయనుకోండి, వాళ్ల ర్యాంకు పెరుగుతుంది. ఇంకెవరిదో తగ్గుతుంది. ఆ తగ్గినవాడు ఏమీ చేయలేదు, వాడి మార్కు ఒక్కటి కూడా కదలలేదు. ఇంట్లో నిద్రపోతూ వున్నవాడు నాలుగు నుంచి అయిదు అవుతాడు. ఇట్లాంటి అంకె మీద ఒక పిల్లవాడి చదువును కట్టి వేలాడదీయవచ్చునా?

ఇవన్నీ ఆలోచిస్తూ నోటుపుస్తకం మూసేటప్పుడు, చెట్టుకు అవతలి పక్క ఒక పిల్లవాడు ఒంటరిగా కూర్చుని వున్నాడు. గంటన్నర నుంచీ అక్కడే వున్నాడు. జాబితాలో వాడి పేరు లేదు. లెక్కల్లో 31 వచ్చింది. కావలసింది 35. మావాడికి బెంచిమేటు. “వాడు ఫెయిలక్కా, వాడికి ర్యాంకు లేదు” అన్నాడు ఇంకొకడు, చెడ్డగా కాదు, వూరికే సమాచారం చెప్పినట్టు. మావాడు లేచిపోయి వాడి పక్కన కూర్చున్నాడు. మే నెలలో సప్లిమెంటరీ వుంది, సాయంత్రాలు మా అమ్మమ్మ ఇంటి అరుగు మీద లెక్కలు చేద్దాం రా అన్నాడు. మూడా నాలుగా అన్న ప్రశ్న పెట్టుకుని కూర్చున్నవాడు, దాన్ని అక్కడే వదిలేసి పోయాడు. ఆ రోజు నేను చూసిన వాటిలో నాకు నచ్చింది అదొక్కటి.

సాయంత్రం ఇద్దరం ధర్మవరం పోయాం. చిన్నాన్న మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే వున్నాడు. చీర సగానికి వచ్చింది. మాట్లాడుతూనే పలకలు తొక్కుతున్నాడు. నేను జాబితా చూపించి, రెండు పద్ధతులూ చెప్పాను. దాచలేదు, పెంచలేదు. “మనుషుల్ని లెక్కిస్తే నాలుగు చిన్నాన్నా, మార్కుల మెట్లను లెక్కిస్తే మూడు.”

చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మాట నేను అనుకోనిది.

“ఆ ఫస్టొచ్చిన పాప ఎవరి బిడ్డ?”

టీ అంగడి ఆయన కూతురు అని తమ్ముడు చెప్పాడు.

“ఆ పాపని సదివిస్తాడంట్నా?”

తెలియదు అన్నాడు వాడు.

చిన్నాన్న నాడె పక్కన పెట్టి పైకి వచ్చాడు. “సూడమ్మా, సావుకారి కాడికి చీరలు తీసకపోతా. ఆయప్ప మడత ఇప్పి సూసి, ఇది ఒకటో రకం, ఇది రెండో రకం అంటాడు. దానికేం, ధర కట్టల్ల కాబట్టి అంటాడు. రెండు చీరలు ఒకే తీరు నేసినా, ఒగ నాడు ఒకటో రకం అంటాడు, ఇంగో నాడు రెండో రకం అంటాడు. ఆయప్ప కాడ దుడ్డు ఎంత ఉంటే అంత. నేను ర్యాంకు అడిగింది కూడా అట్లనే. నా కాడ దుడ్డు లేదు. పెద్దదాన్ని నిలిపేసినప్పుడు అది ఒగ మాట కూడా అన్లేదు. ఈసారి వీడిని నిలిపేస్తే, నేను నిలిపేసినా అని అనిపించుకోకూడదు. ర్యాంకు రాలేదు, దాని వల్ల నిలిచిపోయినాడు అని ఉండాలని.”

పక్కన దారం చుడుతున్న చెల్లెలి చెయ్యి ఆగింది. మళ్లీ తిరగసాగింది.

స్టాటిస్టిక్సులో మాకు ఎవరూ చెప్పని పాఠం అది. మనం ర్యాంకు అడిగేది ఎల్లప్పుడూ తెలుసుకోవడానికి కాదు. చాలాసార్లు, చేయక తప్పని పని ఒకటి వుంటుంది, అది మనం చేశామని అనిపించుకోవడం ఇష్టముండదు. అంకె వుంటే ఆ భారం అంకె మీద పెట్టవచ్చు. తండ్రికే కాదు, బడికి, కళాశాలకు, ఉద్యోగమిచ్చే కంపెనీకి, ప్రభుత్వానికి కూడా అంతే. పది సీట్లు పెట్టి నూరుమందిని వరుసలో నిలబెడితే, పదకొండోవాడికి సీటు లేకపోవడం వాడి తప్పులాగా కనబడుతుంది. సీట్లు పదే ఎందుకున్నాయన్న ప్రశ్న ఎవరూ అడగరు.

తర్వాత ఏమైందో చెప్పకపోతే మీరు వూరుకోరు. ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు చేశాం, రాలేదు. ఆ రాత్రి చిన్నాన్న, పిన్ని, నేను, చెల్లెలు కూర్చుని ర్యాంకును పక్కన పెట్టి ఖర్చు లెక్క వేశాం. ధర్మవరంలో ప్రభుత్వ జూనియర్ కళాశాల వుంది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. ఇంటి నుంచే పోయి రావచ్చు. పుస్తకాలకు, పరీక్ష ఫీజులకు అయ్యే డబ్బు కాగితం మీద వేస్తే, అందరం భయపడినంత లేదు. మావాడు ఇప్పుడు ఎంపీసీ చదువుతున్నాడు. పొద్దున రెండు గంటలు తండ్రికి సాయం చేస్తాడు. ఇంత చిన్న లెక్క మూడు నెలల ముందే వేసివుంటే, ఆ పిల్లవాడు పరీక్షలు ఇంకొంచెం సుఖంగా రాసేవాడు. చెల్లెలు కూడా ఆగిపోయిన ఇంటర్ సబ్జెక్టులకు ఫీజు కడతానంటున్నది. చిన్నాన్న ఇంకా అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. అది నేను సగం విజయంగానే రాస్తున్నాను, ఎందుకంటే మిగతా సగం ఇంకా మగ్గం మీదే వుంది. వాడి బెంచిమేటు జూన్‌లో లెక్కలు 44 మార్కులతో పాసయ్యాడు.

ఇక మన సంగతికి వద్దాం. ఈ సంచిక చదివే అధ్యాపకులకూ, విద్యార్థి మిత్రులకూ, పూర్వ విద్యార్థులకూ ఒక మనవి.

ర్యాంకులు పూర్తిగా తీసివేయమని నేను అనటం లేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణిత పరీక్షలో మొదటివాడిని సీనియర్ రాంగ్లర్ అనేవారు. 1899లో మన దేశానికి చెందిన ఆర్.పి. పరాంజపే ఆ స్థానం సంపాదించినప్పుడు దేశమంతా గర్వపడింది. ఆ విశ్వవిద్యాలయమే 1909 తర్వాత పేర్లను మార్కుల వరుసలో ప్రకటించడం మానేసింది. క్లాసులు ఇచ్చింది, వరుస చెప్పలేదు. అక్కడ గణితం ఏమీ తగ్గిపోలేదు. వరుస చాటకుండా కూడా చదువు నడుస్తుందనడానికి అది చాలు.

అయితే అవసరమున్నవాడికి అంకె దొరకాలి. విదేశాలకు దరఖాస్తు పెట్టేటప్పుడు, స్కాలర్‌షిప్ ఫారాలలో ‘తరగతిలో నీ స్థానం, తరగతిలో మొత్తం మంది’ అన్న గళ్లు వుంటాయి. పోయిన సంవత్సరం నేను కూడా అట్లాంటి గడి ముందు కూర్చున్నాను. గ్రేడుల కాలం దాన్ని, ఏం రాయాలి? ‘మా బోర్డు ర్యాంకులు ఇవ్వదు’ అని రాశాను. అది నిజం, అదే సరైన జవాబు కూడా. కాని మన కళాశాలలో మార్కులున్నాయి, క్లాసు సంఖ్య వుంది. అడిగిన విద్యార్థికి, అడిగినప్పుడు మాత్రమే, ‘ఇంతమందిలో ఇన్నో స్థానం, సమానం వచ్చినవాళ్లు ఇందరు’ అని పరీక్షల విభాగంవారు ఒక కాగితం ఇస్తే బాగుంటుంది. ఎన్నో స్థానమో చెప్పి, ఎంతమందిలోనో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. 62 మందిలో నాలుగు అంటే మొదటి పది శాతంలో వున్నట్టు. టెక్సాస్‌లో అయితే మావాడు సగర్వంగా విశ్వవిద్యాలయం మెట్లెక్కేవాడు. నలుగురిలో నాలుగు అంటే కథ వేరు.

కాగితం ఇవ్వండి, నోటీసు బోర్డు మీద మాత్రం అంటించవద్దు. అడిగినవాడి చేతికి పోయే అంకె పనిముట్టు. గోడకెక్కిన అంకె, క్రింద వున్న అందరికీ తీర్పు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. రేపు మనలో చాలామంది ఉపాధ్యాయులమవుతాం, తల్లిదండ్రులమవుతాం. ఎవరింటికో పోయినప్పుడు ఒక పిల్లవాడు తలుపు చాటు నుంచి తొంగి చూస్తాడు. పేరడగండి, ఏ క్లాసో అడగండి. మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఆగి, నీ బెంచిలో పక్కన ఎవరు కూర్చుంటారు అని అడిగి చూడండి. దానికి జవాబు చెప్పేటప్పుడు ఏ పిల్లవాడూ అమ్మ ముఖం వైపు చూడడు.